దుమ్ము లేవని వసంతం

గోబీ ఎడారిలో వసంతమంటే దుమ్మే. చలికాలంలో మంచు పడకపోతే నేల పొడిబారిపోతుంది, గడ్డి మొలవదు, ఇక గాలి లేచిందంటే పక్కనున్న మేక కూడా కనబడదు. అలాంటి ప్రతి దుమ్ము తుఫాను తర్వాతా నోర్జ్‌మా చల్లారిన టీలో గుడ్డ తడిపి, తన మేకల కళ్ళన్నీ తుడిచేది.

మొన్నటి చలికాలం మంచు మోకాలి లోతున పడింది. అది గడ్డకట్టి గడ్డిని కప్పేస్తే, మేకలన్నీ తిండి లేక చచ్చాయి. ఆమె ఏడవలేదు. కళేబరాలను ట్రక్కు ఎక్కించి, లోపలికొచ్చి పొయ్యి రాజేసింది.

ఇప్పుడా మంచు కరిగిన తడికి గడ్డి ఏపుగా లేచింది, ఎవరి కోసమో ఏమో! గాలి ఎప్పటిలాగే వీస్తోంది. దుమ్ము మాత్రం లేవడం లేదు.

పక్క గుడారం షరావ్ మోటారుసైకిలు ఆపాడు.

"అక్కా, ఆకాశం చూశావా? అద్దంలా ఉంది! గడ్డైతే ఎంత కావాలంటే అంత..." అంటూనే నాలిక్కరుచుకున్నాడు. "ఛీ, నా నోరు మండ!"

"పర్లేదులేరా. టీ తాగి వెళ్ళు."

పాలులేని టీ తాగి అతను వెళ్ళాడు. మిగిలిన టీ చల్లారాక నోర్జ్‌మా అందులో గుడ్డ ముంచి, పిండి, బయటికొచ్చి నిలబడింది.

గాలికి ఆ గుడ్డ ఆమె చేతిలోనే ఆరిపోయింది.