సైదులు తెచ్చిన ఖాళీ స్ట్రిప్

కరోనా సద్దుమణిగిన తర్వాతి ఏడాది జరిగిందిది. కోదాడ బస్టాండు దగ్గర నాది మెడికల్ షాపు. ఈ పనిలో ఇరవై ఏళ్లు దాటాయి. మా దగ్గరికి చీటీ తెచ్చేవాళ్లు తక్కువ. అయిపోయిన మాత్రల ఖాళీ స్ట్రిప్ కౌంటర్ మీద పెట్టి "ఇదే ఇయ్యి" అంటారు. మేమూ అదే ఇస్తాం.

నడిగూడెం ట్రాక్టర్ డ్రైవర్ సైదులు నాలుగేళ్లుగా అలాగే వచ్చేవాడు. అతనికి అల్సరేటివ్ కోలైటిస్, అంటే పెద్దపేగులో పుండ్లు పడి రక్త విరేచనాలయ్యే జబ్బు. హైదరాబాద్ డాక్టరు అజాథయోప్రిన్ రాశారు. ఒంట్లోని రక్షణ శక్తి పేగు మీదే తిరగబడుతుంటే దాన్ని అణచిపెట్టే మందు. మంచి మందే, దాంతోనే సైదులు మళ్లీ ట్రాక్టరెక్కాడు. కానీ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొద్దిమందికి లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ వచ్చే ముప్పు కాస్త పెరుగుతుంది. మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకుని డాక్టరుకు చూపించుకోవాలని చీటీలో ఉంది. మొదటిసారి చదివాను. తర్వాత అతను చీటీ తేలేదు, నేనూ అడగలేదు.

ఒకరోజు మెడకు తువ్వాలు చుట్టుకొచ్చాడు.

"అన్నా, గీడ గడ్డ లేసింది. నొప్పి లేదు గానీ జెరమొస్తాంది. ఏదన్న గోలీ ఇయ్యరాదూ."

"పన్నేమన్నా నొప్పా? పంటి చీముకూ మెడలో గడ్డ లేస్తుంది."

"లేదన్నా. చెమటలు బాగ పడుతున్నయ్."

ఐదు రోజుల యాంటీబయాటిక్ ఇచ్చి పంపాను. తగ్గలేదంటే ఇంకో రకం ఇచ్చాను. పెద్ద డాక్టర్నైపోయాను మరి! నెల తర్వాత సగానికి చిక్కిపోయి వచ్చిన మనిషిని చూసి భయమేసింది. అప్పుడు హైదరాబాద్ పొమ్మన్నాను. బయాప్సీలో, అంటే గడ్డ ముక్క తీసి చేసే పరీక్షలో, లింఫోమా అని తేలింది. అప్పటికే కడుపులోకి పాకింది. కీమో తట్టుకోలేక ఐదో నెలలో పోయాడు.

ఇప్పుడు అజాథయోప్రిన్ కోసం ఎవరొచ్చినా రక్తపరీక్ష రిపోర్టు అడుగుతాను. "నీకెందుకయ్యా?" అని పక్క షాపుకు పోయేవాళ్లున్నారు. మందు సొంతంగా మానొద్దని, డాక్టరుకు చూపించుకోమని వెనక నుంచి అరిచి మరీ చెబుతాను.

ఇలా అడగడం నాకు నేర్పింది సైదులు భార్య మంగమ్మ. పెద్దకర్మ అయ్యాక షాపుకొచ్చింది.

"ఆ గోలీతోనే వచ్చిందా అన్నా?"

"ఫోన్ చేసి అడిగితే గట్టిగా చెప్పలేమన్నారమ్మా డాక్టరు. ముందే పట్టుకుంటే బతికేవాడేమో అన్నారు. మూడు నెలలకోసారి పోవాలని చీటీలో ఉంది. నేనే గుర్తు చేయలేదు."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నువ్వు చెప్తే పోయేటోడే అన్నా" అంది. "డాక్టర్ కంటే నీ మాటే ఎక్కువ ఇనేటోడు."