రాజమణి టీచర్ సంతకం

మొన్న అఫిడవిట్ పని మీద కోర్టుకు వెళ్తే, బయట గోడ పక్కన ఒకాయన ఇంకా టైపు మిషన్ పెట్టుకుని కూర్చున్నాడు. లైను చివర ‘టింగ్’మని గంట మోగింది. వెంటనే నా ఎడమ చేయి దానంతటదే గాల్లోకి లేచింది, మిషన్ క్యారేజీని వెనక్కి నెట్టడానికి. పక్కనున్నావిడ వింతగా చూసింది. రిటైరై ఇన్నేళ్లయినా ఆ చేతికి బుద్ధి రాలేదు. దానికి ఆ అలవాటు నేర్పిన మనిషి రాజమణి టీచర్. ఆమెను గొప్ప మనిషని చెప్పడానికి ఇది రాయడం లేదు. గొప్పదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

లాల్‌దర్వాజాలో ఒక కిరాణా దుకాణం మీద ఆమె టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ముందు గదిలో ఐదు మిషన్లు, వెనక గదిలో ఆమె కాపురం. డెబ్బైల మొదట్లో మాట. నేను గౌలిపుర నుంచి నడిచి వెళ్లేదాన్ని. మా బాపు బస్సు డిపోలో మెకానిక్. నన్ను టైపుకు పంపింది ఆయనే. “టైపుల లోయర్ పరీక్ష పాసైతే సంబంధాలల్ల జెర చెప్పుకోనీకి ఉంటది” అన్నాడు. టైపు నేర్చుకున్నవాళ్లు ఉద్యోగం కూడా చేస్తారన్న సంగతి పాపం ఆయనకు తట్టలేదు.

టీచర్‌కు అప్పటికి ముప్పై ఏళ్లుంటాయి. ఇనుప సామాన్ల హోల్‌సేల్ వ్యాపారుల ఇంటి కోడలు. భర్తనూ, ఆరేళ్ల కూతురినీ ఆ ఇంట్లోనే వదిలి ఒక్కతే వచ్చేసింది. ఎందుకొచ్చిందన్నదే బస్తీలో ఎవరికీ మింగుడుపడేది కాదు. ఒకరోజు నా ఫీజు కట్టడానికి వచ్చిన అమ్మ ఉండబట్టలేక అడగనే అడిగింది.

“మీ ఆయన కొడ్తుండెనా?”

“లేదక్కా.”

“తాగుతుండెనా?”

“అసలే లేదు. మంచోడు.”

“మరేంది బిడ్డా నీ బాధ?”

టీచర్ మిషన్ మీద దుమ్ము తుడుస్తూనే చెప్పింది. “కిటికీ తెరవాల్నన్నా ఎవర్నో ఒకర్ని అడగాలె. అడిగితే వద్దని ఎవ్వరు అనలే. కాని అడగాలె. ఎనిమిదేండ్లు అడిగిన. ఇగ నాతోటి కాలే.”

అమ్మ ఇంటిదాకా గొణుగుతూనే ఉంది, “గీ మాత్రానికే ఇల్లిడిసి వస్తరా ఎవరన్నా” అని. భర్త కొట్టి ఉంటే బస్తీ అంతా టీచర్‌ను చూసి అయ్యో అనేది. అతను మంచివాడు కావడంతో ఆమెకు ఆ జాలి కూడా దక్కలేదు.

చదువు చెప్పడంలో మాత్రం మహా గట్టిది. కీల మీద కళ్లు పడకుండా మా చేతుల మీద తువ్వాల కప్పేది. “అక్షరం చూడు, అర్థం చూడకు. అర్థం చూసినవంటే చెయ్యి ఆగుతది” అనేది రోజూ. ఆరు నెలల్లో నేను ఆ విద్యలో ఎంత ఆరితేరానంటే, పేజీ మొత్తం కొట్టాక అందులో ఏముందని అడిగితే నోరు వెళ్లబెట్టేదాన్ని. బయటి వాళ్లు తెచ్చే అర్జీలు, దస్తావేజులు నాకే ఇచ్చేది.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, వకీలు చేతిరాతలో ఉన్న కాగితం ఒకటి నా ముందు పెట్టింది. “నాలుగు కాపీలు. తప్పు పోవద్దు” అంది. అలవాటు ప్రకారం అక్షరాలే చూసుకుంటూ కొట్టుకుపోయాను. చివర సంతకం కింద పేరు కొట్టాల్సి వచ్చినప్పుడు చేయి ఆగింది. అది టీచర్ పేరే. అప్పుడు మొదటి నుంచి చదివాను. పిల్లలు లేని బావగారికి తన కూతురిని దత్తత ఇవ్వడం తనకు సమ్మతమేనని, ఇక మీదట ఆ పిల్లను కలవబోనని ఆమె రాసి ఇస్తోంది. అది ఇస్తే అత్తవారు ఆమె జోలికి రారు. ఇవ్వనంటే ఆ ఇంటికి తిరిగి వెళ్లాలి, పిల్లతో కలిసి ఉండొచ్చు. మూడో దారి లేదు.

“ఇది మీదే గద టీచర్?”

“పేరు కొట్టు.”

“మీరే కొట్టుకోవచ్చు గద. నాతోటి ఎందుకు?”

“రెండుసార్లు కూసున్న. నాకు అర్థం కనపడుతున్నది” అంది.

కొట్టాను. నాలుగు కాపీల మీదా ఆమె వరుసగా సంతకాలు పెట్టింది. సిరా ఆరాక మడిచి కవర్లో పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఏం తల్లిరా నాయనా అనిపించింది. వారం రోజులు ఇన్‌స్టిట్యూట్ ముఖం చూడలేదు. పరీక్ష దగ్గర పడి, గత్యంతరం లేక మళ్లీ వెళ్లాను.

రోజూ నాలుగుంబావుకు మాకు స్పీడు పరీక్ష పెట్టేది. పది నిమిషాలు ఎవరూ తల ఎత్తకూడదు. ఒకరోజు ఎంతసేపు కొట్టినా ఆమె ఆపమనడం లేదు. వేళ్లు నొప్పి పుట్టి తల ఎత్తి చూశాను. టీచర్ గడియారం చేతిలో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. కింద సందులో బడిపిల్లల రిక్షా చెయిన్ ఊడి ఆగిపోయింది. అందులో రెండు జడల పిల్ల ఒకతి జామకాయ తింటోంది. రిక్షా కదిలి మలుపు తిరిగేదాకా టీచర్ మాకు ఆపమని చెప్పలేదు. ఆ పరీక్ష ఆ వేళకే ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. నా కోపం అక్కడితో పోయింది.

మరుసటి ఏడు నాకు ఒక ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టుగా ఆర్డరు వచ్చింది. అదే నెలలో బాపు సంబంధం ఖాయం చేశాడు. వాళ్లు ఉద్యోగం వద్దన్నారు. నేను ఉద్యోగమే చేస్తానన్నాను. ఇంట్లో మస్తు లొల్లి. “పోవాల్నా వద్దా, మీరే చెప్పుండ్రి” అని టీచర్ దగ్గర కూర్చుని ఏడ్చాను.

“నేను చెప్ప. ఊకెనే దొరుకుతదని మాత్రం అనుకోకు. ఏమేం పోతదో కూసొని రాస్కో. రాసినంక గూడ కావాలనిపిస్తే పో.”

నిజంగానే రాసుకున్నాను. పెళ్లి పోతుంది. బాపు మాట్లాడడు. పండుగనాడు ఒక్కదాన్నే తినాలి. ఇంతేనా అనుకుని అద్దె గదిలోకి వెళ్లిపోయాను. బాపు నిజంగానే రెండేళ్లు మాట్లాడలేదు. తర్వాత మాట కలిసినా, ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

పన్నెండేళ్లు గడిచాక, ఒక సాయంత్రం నేను ఇన్‌స్టిట్యూట్‌లో ఉండగా టీచర్ కూతురు వనజ శుభలేఖ పట్టుకుని వచ్చింది. వీధిలో అందరికీ ఇచ్చినట్టే ఇచ్చి, “తప్పకుండ రావాలె టీచరమ్మా” అని దిగిపోయింది. మర్నాడు టీచర్ నన్ను వెంటబెట్టుకుని గాజులకు లాడ్ బజార్ వెళ్లింది. దుకాణదారు “నాప్ బోలో అమ్మా” అన్నాడు. ఆ పిల్ల చేతి కొలత ఆమెకు తెలియదు. మూడు కొలతల్లోనూ తీసుకుంది.

పెళ్లిలో మేము మూడో వరుసలో ఇనుప కుర్చీల్లో కూర్చున్నాం. దత్తత తీసుకున్న బావగారూ తోడికోడలూ కన్యాదానం చేశారు. టీచర్ అందరిలాగే వరుసలో నిలబడి అక్షింతలు వేసింది. వనజ కాళ్లకు మొక్కి లేస్తూ, టీచర్‌కూ, వెనకే ఉన్న నాకూ మాత్రమే వినబడేంత మెల్లగా అడిగింది. “నా కోసం లొల్లి ఎందుకు చెయ్యలే నువ్వు?”

వెనక జనం తోసుకొస్తున్నారు. పక్కకు జరిగాం.

నడిచే తిరిగి వచ్చాం. లాల్‌దర్వాజా దగ్గరపడ్డాక టీచరే మొదలుపెట్టింది. “లొల్లి చేసినా పిల్ల కోసం మళ్ల ఆ ఇంట్లనే ఉండాల్సొస్తుండె. ఉండలేకపోతుంటి. ఇప్పుడడిగినా గదే చెప్త.” నాలుగడుగులు వేసి మళ్లీ అంది. “కాని ఒక్కటి తప్పు లెక్కవెట్టిన. ఇచ్చేదంత నా చేతులకెల్లి ఇస్తున్న అనుకున్న. సగం ఆ పిల్ల చేతులకెల్లి గుంజుకొని ఇచ్చిన. దాన్నొక్క మాట అడగలే.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను కాగితం మీద రాసుకున్నవన్నీ నావే. నాకు పోయేవే. ఇంకెవరి పేరూ అందులో లేదు.

ఆదివారం పొద్దున్నే గౌలిపుర వెళ్లాను. బాపు అరుగు మీద కూర్చుని సైకిలు చెయిన్‌కు నూనె వేస్తున్నాడు. పక్కన కూర్చుని అడిగాను, “నేను ఇల్లిడిసి పోయినంక నీకేమైంది బాపు?” అని. “ఏమైతది? ఏం గాలే, నువ్వు ఫికర్ చెయ్యకు” అన్నాడు. లేవకుండా కూర్చున్నాను. కాసేపటికి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. డిపోలో నా గురించి అడిగిన ప్రతివాడికీ మేనత్త ఇంట్లో ఉన్నానని చెప్పేవాడట. నాకు మేనత్త లేదని తెలిసినవాళ్లకు కూడా అదే చెప్పేవాడట. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాడట. అలా ఒక్కొక్కటే మధ్యాహ్నందాకా చెప్పాడు. అందులో చాలావరకు ఇక్కడ రాయలేను, ఇప్పటికీ అవి నా దగ్గరే ఉన్నాయి.