ఆరు ఫ్యాన్ల కంప్యూటర్

మనిషి తెలివితక్కువగా పుట్టడం నేరం కాదు. ఆ తెలివితక్కువతనాన్ని రిక్షా ఎక్కించి, పెద్దమనుషుల ఇంటికి తీసుకెళ్లి, అందరి మధ్యా స్విచ్చి వేయడం మాత్రం నేరమే. ఆ పని చేసిన మహానుభావుణ్ణి నేనే. జరిగిన ఘోరం చెబుతాను. జాలి మాత్రం పడకండి, వాడు అందుకు తగడు.

క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్న రోజులు. గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో, కోటయ్య బాబాయి గోదాం మేడమీద నాకో వీడియో స్టూడియో ఉండేది. కింద మిరపకాయల బస్తాలు, పైన నేను. బజార్లో గిరాకీ మాత్రం బస్తాలకే. బాబాయి కూతురి పెళ్లి వీడియో నేనే తీశాను. ఆయన వియ్యంకుడికి ఒంగోలులో పచ్చళ్ల వ్యాపారం. ఈ వీడియో నచ్చితే తన చిన్నకొడుకు పెళ్లి కూడా నాకే ఇస్తానన్నాడు. ఇక ఆగుతానా? ఎడిటింగ్ కోసం కంప్యూటర్ కొనడానికి బయల్దేరాను.

"ఏం పనికండీ?" అన్నాడు కొట్టతను.

"వీడియో ఎడిటింగ్‌కి."

"అయితే మెమరీ ఎక్కువ వేద్దామండీ. మంచి వీడియో కార్డు, పెద్ద హార్డ్‌డిస్కు..."

"అవన్నీ ఎక్కడుంటాయి?"

"లోపలండీ."

"లోపలుండేవి ఎవడు చూడొచ్చాడయ్యా?"

విన్నారా ఆ జ్ఞానం! మిరప వేసే ఇంట్లో పుట్టినవాణ్ణి కదా, యార్డులో కాయ కొన్నట్టే కంప్యూటరూ కొనాలనుకున్నాను. రంగు చూశాను. ఎత్తి బరువు చూశాను. గింజ మోగుతుందేమోనని చెవి ఆనించి ఊపాను కూడా. కొట్టతను కంగారుపడి లాక్కున్నాడు.

చివరికి మూలనున్న నల్లటి డబ్బా మీద నా కన్ను పడింది. అద్దం తలుపు, రంగురంగుల లైట్లు, చుట్టూ ఆరు ఫ్యాన్లు!

"అన్ని ఫ్యాన్లు మీకెందుకండీ? ఆ డబ్బుకి మెమరీ వస్తది."

"మా ఇంట్లోనే ఇన్ని ఫ్యాన్లు లేవయ్యా. ఇదే ఇచ్చెయ్!"

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఆ రోజు పాపం చెప్పేవాడే లోకువైపోయాడు.

తెచ్చాక తెలిసింది, లోపల ఈగల మోత, బయట ఫ్యాన్ల మోత అని. గులాబీ పువ్వులోంచి పెళ్లికూతురి ముఖం తెప్పించమంటే, భోంచేసొచ్చిన గుమాస్తాలా కునికేది. సీడీ రాయమంటే సగంలో ఆగిపోయేది. ఫ్యాన్లు మాత్రం అలుపు లేకుండా గాలి పీల్చేవి. ఏ గాలి? కింద గోదాంలో బస్తాలు దులిపితే లేచే గాలి. రోజంతా తుమ్ముతూనే ఉన్నా నాకు అనుమానం రాలేదు. అనుమానం రావాలన్నా కాస్త బుర్ర ఉండాలి కదండీ.

ఇంతలో వియ్యాలవారు గుంటూరు దిగారు.

"ఏరా మస్తానూ, సీడీ ఏదిరా?" అని బాబాయి కేకేశాడు.

"సీడీలో ఏం చూస్తారు బాబాయ్! కంప్యూటరే తెస్తా, అందులోనే చూద్దురు."

బాబాయి ఇంట్లో ఏసీ గది. తలుపులన్నీ మూశారు. నా ఫ్యాన్లు అందరికీ కనపడాలని, తెర పక్కనే డబ్బా వీపు వియ్యాలవారి వైపు తిప్పి పెట్టాను. రిక్షా కుదుపులకు లోపల పేరుకున్నదంతా కదిలిపోయి ఉంటుందని ఆలోచించేవాణ్ణయితే ఈ కథే లేదు.

స్విచ్చి వేశాను. మొదటే ఏడిపిస్తే గొప్ప ఎడిటింగని అప్పగింతలు ముందు పెట్టాను. వియ్యపురాలు కొంగుతో కళ్లొత్తుకుంది. ఆడపడుచు ముక్కు చీదింది. వియ్యంకుడి కళ్లు ధారలు కట్టాయి.

"ఏం తీశావయ్యా! మగపెళ్లివారం, మాకే ఏడుపు ఆగట్లా!" అన్నాడాయన.

నేను ఉబ్బిపోయాను. చిన్నకొడుకు పెళ్లి నాదే!

తర్వాత బ్యాండుమేళం వచ్చింది. వాళ్లు గంతులేస్తుంటే ఆడపడుచు వెక్కి వెక్కి ఏడ్చింది. భోజనాల బంతి వచ్చింది. గారెల బుట్టను చూసి వియ్యపురాలు బావురుమంది. నా కళ్లలోనూ నీళ్లు. నా ప్రతిభకు నాకే కన్నీళ్లు వస్తున్నాయనుకున్నాను. సరిగ్గా వియ్యంకుడు గారె కోసం నోరు తెరిచిన చోట బొమ్మ బిగుసుకుపోయింది.

"మా బావగార్ని అట్టా నోరు తెరిపించి ఆపావేంట్రా? కదిలించు!" అని బాబాయి అరిచాడు.

పాత టీవీకి చేసే వైద్యమే దీనికీ చేశాను. డబ్బా నెత్తిన ఫెడీమని ఒక్కటి చరిచాను.

ఆరు ఫ్యాన్లూ ఒక్కసారిగా ఎర్రటి దుమ్ము కక్కాయి. గదిలో ఎవరికీ తలుపు కనపడలేదు. వియ్యపురాలు నన్ను తొక్కుకుంటూ వెళ్లింది.

వరండాలో అందరూ దగ్గుతున్నారు. సిగ్గుతో చచ్చిపోతూ వియ్యంకుడి కాళ్ల మీద పడబోయాను. ఆయన నన్ను చూడనేలేదు. చొక్కా మీది ఎర్రపొడిని వేలితో అద్ది నాలుకకు రాసుకున్నాడు.

"బావగారూ, ఈ సరుకు ఎక్కడిదండీ?"

"మా గోదాందే బావగారూ" అని బాబాయి నీళ్లు నమిలాడు.

"ఇంత ఘాటున్న కాయ కోసమే వెతుకుతున్నానండీ! ఉన్నదంతా నాకే పంపించండి."

ఆ సాయంత్రమే బస్తాలు లారీ ఎక్కాయి. నేను చేతులు నలుపుకుంటూ, "మరి చిన్నబ్బాయిగారి పెళ్లి వీడియో అండీ..." అన్నాను.

"వద్దు నాయనా. మా ఆడవాళ్లు రెండు పెళ్లిళ్లకు సరిపడా ఏడ్చేశారు."

అందుచేత చదువరులారా, ఆ డబ్బా మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఫ్యాన్లు చూసి కంప్యూటర్ కొనను. గింజ మోగుతుందేమోనని ఊపను. ఇంతటి ఘోర ప్రతిజ్ఞ చేశాక కళ్లు చెమర్చకుండా ఉంటాయా? తుడుచుకున్నాను.

ఆ చేత్తోనే!