చేతిసంచిలో పానా

సైకిలుతో సహా విమానం ఎక్కాలనుకునే వాళ్ళెవరైనా ముందు ఆ సందు చివరి రిపేరు షాపుకి రావలసిందే. అక్కడి మేస్త్రి పెడళ్ళు విప్పి, హ్యాండిలు పక్కకు తిప్పి, టైర్లలో గాలి తీసి, ముక్క ముక్కకీ నంబరు చీటీ అంటించి, సైకిల్ని అట్టపెట్టెలో పడుకోబెట్టేవాడు. పనికి వంక పెట్టడానికి లేదు. దాంతోపాటు ఊరికే ఇచ్చే ఉపన్యాసమే భరించడం కష్టం. పెట్టె తూకం వేసేటప్పుడు మొహం ఎలా పెట్టాలో కూడా ఆయనే చెప్పేవాడు. ఇంతా చేసి ఆయన విమానం ఎక్కిన పాపాన పోలేదు. గోడ మీద మాత్రం పెద్ద అక్షరాలతో రాయించాడు: "విలువైన వస్తువులు చేతిసంచిలోనే ఉంచుకోవలెను."

అలాంటివాడికి అరవయ్యో ఏట విమానం ఎక్కే పని పడింది. చిన్నప్పుడు ఇంట్లో ఆయనకీ అక్కకీ కలిపి ఒకటే సైకిలు. తమ్ముడు తొక్కడం నేర్చుకుంటుంటే అక్క సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తింది. తన వంతు ఎప్పుడని అడిగినప్పుడల్లా, "రేపు నీ వంతు" అనేవాడు వీడు. ఆ రేపు కోసం యాభై ఏళ్ళు చూసి, మొన్న ఫోన్లో అంది: "మోకాళ్ళు ఇంకా వంగుతున్నాయిరా. వచ్చే ఏడాది సంగతి చెప్పలేను." మేస్త్రికి సిగ్గేసింది. తన చేతులతోనే పొట్టి సైకిలొకటి బిగించి, మళ్ళీ విప్పి, పెట్టెలో సర్ది, రెండు రోజులకని అక్క ఊరికి బయల్దేరాడు.

కౌంటర్ దగ్గర మొహం తను చెప్పినట్టే పెట్టాడు. ఎవరూ చూడలేదు. పెట్టె వెళ్ళిపోయింది. తనిఖీ దగ్గర మాత్రం చేతిసంచి ఆగిపోయింది. అందులోంచి మూరెడు పానా బయటికి తీశాడు సెక్యూరిటీ ఆయన.

"ఇది లోపలికి తీసుకెళ్ళకూడదండీ. ఆ పెట్టెలోనే వేసేయాల్సింది."

"విలువైంది కదా బాబూ. ముప్ఫై ఏళ్ళుగా అన్నం పెడుతోంది."

ఆయన జాలిగానే చూసి, పానాని కత్తెరలూ చాకులూ ఉన్న డబ్బాలో వేశాడు.

అక్క ఇంట్లో పెట్టె విప్పితే ఒక్క ముక్కకీ దెబ్బ తగల్లేదు. బిగించడానికే పానా లేదు. అక్క పక్కింటికి వెళ్ళి పానా తెచ్చింది. మేస్త్రి దాని వంక కూడా చూడలేదు. "ఇంకొకడి పానా నేను ముట్టనక్కా" అని కుర్చీలో బిగుసుకు కూర్చున్నాడు. మొదటి రోజంతా అలాగే గడిచిపోయింది. తిరుగు విమానం మర్నాడు సాయంత్రమే.

పొద్దున్నే అక్క కళ్ళజోడు పెట్టుకుని నేల మీద చతికిలబడింది. "మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. నేను రాజుని కాదుగా, నాకేం భయం" అంటూ నంబర్లు చూసి ఒక్కొక్కటే బిగించసాగింది. తమ్ముడి చేతులు దురద పెడుతున్నాయి. ఎడమ పెడలు దగ్గరికి వచ్చేసరికి ఇక ఆగలేకపోయాడు.

"అటు కాదక్కా. ఎడమవైపుది ఎదురు తిప్పాలి."

"వచ్చి తిప్పు."

"ముట్టనన్నానుగా."

"అయితే నోటితో చెప్పు. అది నీకు బాగా వచ్చు కదా."

చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఉపన్యాసం ఒకరికి నిజంగా అక్కరకొచ్చింది అప్పుడే.

మధ్యాహ్నానికి సైకిలు వీధిలోకి వచ్చింది. అక్క చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఎక్కింది. మేస్త్రి సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తాడు. నాలుగు ఇళ్ళు దాటేసరికి ఆయాసం, సైకిలేమో వంకర్లు. అయిదోసారికి అక్క తిన్నగానే పోనిచ్చింది. వీధి మలుపు దగ్గర ఆయన రొప్పుతూ అన్నాడు: "ఒక్క నిమిషం దిగక్కా. నేనోసారి తొక్కి బ్రేకు ఎలా ఉందో చూస్తాను."

అక్క వెనక్కి తిరగలేదు.

"రేపు నీ వంతు."

సాయంత్రం విమానమని ఇద్దరికీ తెలుసు. మేస్త్రి సీటు గట్టిగా పట్టుకుని మళ్ళీ పరుగందుకున్నాడు.