గంజి పెట్టిన కాగితాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గంజికి ఉన్న మర్యాద మనుషులకు ఉండేది కాదు. తిరుత్తణి పక్కన మాది నేతగాళ్ళ వీధి. వార్చిన గంజి ఒక చుక్క కింద పడినా మా అవ్వ, అంటే మా నాయన్ను కన్నతల్లి, నా నెత్తిన మొట్టికాయ వేసేది. ముందు నూలు తాగాల, మిగిలితే మనం తాగాల అనేది. అట్లాంటి మనిషి ఒకరోజు కుండెడు గంజి కాగితాలకు పూసింది. ఎందుకు పూసిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. పెద్దదాన్నయినాక కొంచెం అర్థమైంది అనుకున్నాను. మొన్న మద్రాసుకు పోయి వచ్చినాక అదీ కలగాపులగమైపోయింది.

మా పని తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాల. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలును వీధి పొడుగునా సాచి, కుంచెతో గంజి పూసి, ఎండలో ఆరబెట్టాల. అప్పుడే నూలు బిరుసెక్కి నేసేటప్పుడు తెగకుండా నిలబడతాది. వీధి ఒకటే, ఇళ్ళు చానా. అందుకని ఇంటింటికీ వంతు ఉండేది. అరవ నెల ఐప్పసిలో, అంటే దీపావళి వానల్లో, మన వంతు వచ్చిన రోజే ఎండ కూడా వస్తే అది మన అదృష్టం. రాకపోతే మళ్ళీ వంతు వచ్చేదాకా మగ్గం ఖాళీ.

వీధి చివర ఒక తెలుగు వాద్యారు ఉండేవాడు. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. మూడో తరగతితో నన్ను బడి మాన్పించి రాట్నం ముందర కూర్చోబెట్టినారు కాబట్టి, నాకున్న చదువంతా ఆయన పెట్టిందే. తెలుగు వాచకాలు మా బడికి సరిగ్గా వచ్చేవి కావు. ఆయనే పాఠాలు కట్టి, కథలు రాసి మాచేత చదివించేవాడు. ఇంకు దండగని పెన్సిలుతో రాసేవాడు. ఆ ఒక్క గుణానికే మా అవ్వకు ఆయనంటే గౌరవం. కానీ పలక మీద మేము ఒక మాట కొట్టేసి పక్కన ఇంకోటి రాస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు. "కొట్టివేత కనబడిందా, వేళ్ళు విరిచేస్తా" అని పలకంతా తుడిపించి మొదట్నించి రాయించేవాడు.

నేను ఇంకా బడికి పోతా ఉన్నప్పుడు, ఒక ఏడు వానకు వాద్యారు ఇంటి పెంకులు జారిపోయి, అటక మీది రేకుపెట్టె నీళ్ళతో నిండిపోయింది. ఆయన ఏళ్ళ తరబడి రాసుకున్నదంతా అందులోనే ఉండింది. వాన వెలిసిన పొద్దున ఆ పెట్టెను మోసుకొచ్చి, కాలవ పక్కన కుమ్మరించి, గోడకు ఆనుకుని నిలబడినాడు. కాగితాలు పిండిముద్దల్లా ఉన్నాయి. ఆ పొద్దు వీధి వంతు మాది. ఎండ ఫెళ్ళున కాస్తా ఉంది. మా నాయన కర్రలు పాతి తాళ్ళు కట్టినాడు. కుండలో గంజి గోరువెచ్చగా చల్లారుతా ఉంది.

అవ్వ కుంచె చేతిలో పెట్టుకునే అటు పోయింది.

"ఏంది వాద్యారయ్యా, పారేస్తా ఉండావా?"

"తడిసిపోయినాయి పెద్దమ్మా. ఇంక ఏం పనికొస్తాయి?"

"తడిస్తే ఆరేస్తారు గానీ పారేస్తారా ఎవరన్నా?" అని ఆ ముద్దలన్నీ ఒడిలోకి ఎత్తుకుంది. మా నాయనకు కేకేసింది. "రేయ్, పడుగు లోపల పెట్టు."

"నీకు మతి పోయిందా అమ్మా? ఈ పొద్దు మన వంతు! రేపు ఎండ కాస్తాదని ఎవురు చెప్పినారు నీకు?"

"మన వంతే కదా? మన వంతులో మనం ఏం ఆరేసుకుంటే ఎవురికేం?"

చిక్కుపడిన నూలు విప్పినట్టే ఒక్కో కాగితం విప్పింది. బోర్లించిన చాట మీద పరిచి, కుంచెతో పల్చగా గంజి పూసి, సగం ఇటు సగం అటు వేలాడేటట్టు తాడు మీద వేసింది. నన్ను అందించమంది. ఇంకుతో రాసినవి ఏవో కొన్ని నీలం మరకలై కరిగిపోయినాయి, పెన్సిలు రాతలు మాత్రం నిలిచినాయి. కుండలో గంజి అయిపోయినాక, ఇంకా మిగిలిన ఒక కట్టను గంజి లేకుండానే ఆరేసింది. నేను ఉండబట్టలేక అడిగినాను, నీకు చదవను రాదు కదవ్వా, దాంట్లో ఏముంటే నీకేం అని.

"మనం నేసిన చీర యాడికి పోతాదో, ఎవురు కట్టుకుంటారో నాకు తెలుసునా? తెలియదని నేసేది మానుకున్నామా? మాట్లాడకుండా అందియ్యి మే."

ఇంతలో వీధిలో చదువొచ్చిన మగవాళ్ళు తాళ్ళ దగ్గర గుమిగూడినారు. ఒకాయన కాగితాన్ని కళ్ళ దగ్గరికి పెట్టుకుని చూసి పక్కాయన్ను పొడిచినాడు. "ఇది చూడు మామా, కొట్టేసినాడు, మళ్ళీ రాసినాడు, మళ్ళీ కొట్టేసినాడు! మన పిల్లోళ్ళ వేళ్ళు విరుస్తానంటాడే, ఈయన వేళ్ళు ఎవురు విరవాల?" వీధంతా నవ్వింది. వాద్యారు ముఖం కందిపోయింది.

"పెద్దమ్మా, నా పరువు తీసి తాడు మీద ఆరేసినావే. పెంటలో పోయినా బాగుండేది."

అవ్వ చేతిలో కుంచె ఆపలేదు. ఆయన దిక్కు కాదు, నవ్వేవాళ్ళ దిక్కు తిరిగింది. "నూలు తెగితే ముడి వేస్తాం. ముడి లేని చీర నేసిన మొగోడు ఈ వీధిలో ఎవుడన్నా ఉంటే ముందుకు రాండి. ఈ కాగితాలు నా చేత్తోనే చింపేస్తా."

ఎవరూ రాలేదు. ఒక్కొక్కరే ఇళ్ళలోకి పోయినారు.

సాయంత్రం వాద్యారు వచ్చి, కొత్త చీరల్లా బిరుసెక్కిన కాగితాలు తీసి కట్ట కట్టుకుని పోయినాడు. మరుసటి రోజు మళ్ళీ వాన పట్టుకుంది. మా పడుగు ఆరలేదు. మగ్గం మీద దుమ్ము పడింది. మా నాయన అవ్వతో మాట్లాడేది మానేసినాడు, ఇంట్లో పూటపూటా రాగి అంబలే. అవ్వ మంచి చేసింది అనుకుందామంటే వాద్యారు ముఖం చాటేసుకుని తిరుగుతా ఉన్నాడు. చెడ్డ చేసింది అనుకుందామంటే అవ్వ ముఖంలో తప్పు చేసిన గుర్తే లేదు. ఎవరి పక్క ఉండాలో తెలియక నేను అంబలి గిన్నెలోకి చూస్తా కూర్చునేదాన్ని.

తర్వాత ఒకరోజు వాద్యారు ఆ కట్టను బడికి తెచ్చినాడు. విప్పుతా ఉంటే కరకరమని చప్పుడు. అన్నిటికంటే ఎక్కువ కొట్టివేతలున్న కాగితం తీసి మా ముందర పట్టుకున్నాడు. ముందు ఇట్లా రాసినాను, తర్వాత ఇట్లా మార్చినాను, ఏది బాగుందో చెప్పండి అన్నాడు. ఏది చెప్పినా దెబ్బలే అనుకున్నాము. బెత్తం ఎక్కడుందా అని నేను వెతుక్కున్నాను. బెత్తం తేనే లేదు. ఆ రోజు నుంచి పలక తుడిపించేదీ మానేసినాడు. కొట్టేసిన మాట పక్కనే కొత్త మాట రాయమన్నాడు.

వాద్యారు పోయి చానా కాలమైంది. ఆయన కొడుకు ఆ కాగితాలను మద్రాసులో ఒక గ్రంథాలయానికి ఇచ్చినాడంట. కథలు రాసినవాళ్ళవి, చదువు చెప్పినవాళ్ళవి సొంత కాగితాలు దాచే గది అక్కడ ఉందంట. వీటికి గంజి ఎట్లా వచ్చిందని వాళ్ళు అడిగితే, చూసిన మనిషిని నేనొక్కదాన్నే ఉన్నానని ఆయన చెప్పినాడంట. మా మనవరాలు నన్ను తిరుత్తణిలో ఎలక్ట్రిక్ రైలు ఎక్కించి తీసుకపోయింది.

గదిలో ఒకటే చలి. బయట మనుషులు ఉడికిపోతా ఉంటే లోపల కాగితాలకు ఏసీ. కరెంటు బిల్లు ఎవరు కడతారని అడిగితే నవ్వినారే గానీ చెప్పలేదు. వాద్యారు కథలు అచ్చయిన పుస్తకం బయట బీరువాలో ఉంది, ఎవరైనా తీసి చదువుకోవచ్చునంట. ఈ కొట్టివేతల కాగితాలకే అట్టపెట్టె, తాళం, చేతికి తొడుగులు. నాకు తల తిరిగింది. మంచి చీరను గుమ్మంలో పెట్టి ముడుల చీరను పెట్టెలో దాచినట్టుంది వాళ్ళ పద్ధతి.

అక్కడ పని చేసే అమ్మాయి ఆరణి పక్క పిల్ల, మన తెలుగే మాట్లాడింది. ఒక కాగితం తీసి, మధ్యలో ఉన్న గీత చూపించి, ఇదేంది అవ్వా అని అడిగింది. తాడు గీత అన్నాను. గంజి ఎవరు పూసినారని అడిగింది. మా అవ్వ అన్నాను, కొంచెం గర్వంగానే.

"గంజి అంటే పురుగులకు ఇష్టం అవ్వా. చూడు, అంచులన్నీ తినేసినాయి."

నాకు చురుక్కుమనింది. ఆ పిల్ల ఇంకో పెట్టె మూత తెరిచింది. అందులో కాగితాలు లేవు, గోధుమరంగు పొడి ఉంది, పొడిలో అక్కడక్కడా గోరంత ముక్కలు. గంజి చాలక అవ్వ ఊరికే ఆరేసిన కట్ట అది, గంజి లేక ఇట్లా పొడి అయిపోయింది.

"మరి గంజి పెట్టాల్నా, పెట్టకూడదా? ఏదో ఒకటి చెప్పు పాపా" అన్నాను.

"పెట్టకూడదు అవ్వా. మేమైతే అట్లా పెట్టం." ఆ పిల్ల మూత వేసింది. "మీ అవ్వ పెట్టకపోయుంటే మాత్రం నాకు ఇక్కడ పనే ఉండేది కాదు."

ఒక్క నోట రెండు మాటలు. రైల్లో దారంతా ఆలోచించినాను, తెగలేదు. నా పక్కన అవ్వ కూర్చుని ఉంటే ఏమనేదో తెలియదు. ఆ పొద్దు కుంచె పట్టుకున్నప్పుడు ఆమెకూ తెలియదు. ఎండ ఉంది, తాడు ఉంది, కుండలో గంజి ఉంది, అంతే.

నేను గట్టిదాన్ని, ఎవరికీ ఊరికే ఒక గుప్పెడు గింజలు ఇచ్చేదాన్ని కాదు. వానాకాలంలో ఎండ వచ్చిన పొద్దున మాత్రం బట్టలు ఆరేసే ముందు వీధి చివరిదాకా ఒకసారి చూస్తాను. ఆరేసినాక కూడా తాడు మీద కొంచెం చోటు వదిలిపెడతాను. ఎవరి కోసమని మనవరాలు అడుగుతుంది. నాకు తెలిస్తే కదా చెప్పేది.