పైమడాయనకు పెట్టిన అన్నం

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకొని సిరుగుప్ప బస్సులో వస్తుంటే, దారి పక్క వరిమడిలో మనిషన్నవాడు లేకుండానే మోటారు నీళ్ళు పోస్తోంది. అది చూడగానే, కొత్త కోడలిగా ఉన్ననాటి నా కోపం కిటికీ పక్కనే మళ్ళీ రాజుకుంది.

కాలువ కొత్తగా వచ్చిన ఏళ్ళవి. మా మడికి నీళ్ళ వంతు ఆదివారం పొద్దున పడింది. వంతు రోజున ఎవరైనా పార పట్టుకొని గట్టున కాపలా ఉంటారు. మా మామగారు మాత్రం తెల్లవారకముందే మడవ తెరిచి మడిలోకి నీళ్ళు వదిలి, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొని ప్రార్థనకు నడిచేవారు. మేము అటు వెళ్ళగానే, మాకు ఎగువ మడి సాగుచేసే పైమడాయన కాలువకు మట్టి అడ్డం వేసి, మా నీళ్ళు తన చెరుకుకు మళ్ళించుకొనేవాడు. పైగా ఎదురుపడితే ఎకసెక్కం: "ఏమప్పా, మీ దేవుడు పార పట్టుకొని దిగలేదా ఇంకా?"

నాట్లు వేసిన పైరు పచ్చబడకుండానే ఎండుతోంది. అది పోతే ఆ ఏడు మాకు గింజ లేదు. నేను కాపలా ఉంటానంటే మామగారు ఒప్పుకోలేదు. "దేవుడు మడికాడ ఉండాడమ్మా, చూస్తాండాడు" అనేవారు. నేను మోకాళ్ళ మీద ఉండి కూడా, చూసింది చాలు, ఇక కొట్టమని దేవుణ్ణి వేడుకొనేదాన్ని. శత్రువులు నశించాలనే కీర్తనలన్నీ నాకు అప్పుడు కంఠతా వచ్చినవే.

అత్తగారి పగ వేరు. ఒక ఆదివారం ప్రార్థన నుంచి రాగానే అన్నం, పప్పు గుడ్డలో మూటగట్టి, నన్ను తోడు తీసుకొని పైమడికి నడిచారు. "తినప్పా. మా నీళ్ళు కాసీ కాసీ ఇంటికి పోయే పొద్దు యాడుంటాది నీకి?" ఆయన తల ఎత్తకుండా తిన్నాడు. తిరిగి వస్తూ ఆమె నా చెవిలో, "ప్రతి ముద్దా నిప్పై లోపల కాలల్ల వానికి" అన్నారు.

మరుసటి వారం మమ్మల్ని దూరం నుంచే చూసి చెరుకులో దూరాడు. అత్తగారు గట్టున నిలబడి పిలిచి పిలిచి, బయటికి రప్పించి మరీ తినిపించారు.

ఆ పై ఆదివారం మేము వచ్చేసరికి మా మడి నిండా నీళ్ళు. పార భుజాన వేసుకొని మా మడవ దగ్గర కాపలా ఉన్నది పైమడాయనే. పైరు బతికింది, అత్తగారి ముఖం వెలిగింది. నాకు మాత్రం మింగుడు పడలేదు. నేను అడిగింది ఆయన నాశనం, దేవుడు నాకిచ్చింది ఆయన కాపలా.

ఇప్పుడు ఎవరి మోటారు వారిది. గట్టున దేవుడు ఇంకా ఉండే ఉంటాడు, ఆయన పక్కన నిలబడే మనిషే లేడు. పైమడాయన పోయి చాలా ఏళ్ళయింది. నేనింకా క్షమించలేదు. కొత్త బియ్యం వండిన పూట మాత్రం ఒక ముద్ద పక్కకు తీస్తాను. తిని కాలడానికి ఆయన లేడు.