సర్వేలో లేని నీరుగంటి

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, కాలువకు నీళ్లు సరిగా రాని ఏడాది, నేను నంద్యాలలో ఒక చిన్న ఆఫీసులో పనిచేసేదాన్ని. నీళ్లు తగ్గితే ఊళ్లో మనుషులు ఏం చేస్తారో కంప్యూటర్లో ముందే చూడడం మా పని. ఒక్కో రైతు ఒక్కో చుక్క. పొలమెంత, కాలువకు ఎంత దూరం, ఎవరితో పడదు, అన్నీ ఎక్కించాం. గొడవకు దిగిన చుక్క ఎర్రబడుతుంది. మొదట మా ఊరినే ఎంచుకున్నాను, దొర్నిపాడు దగ్గరి పల్లె. ఊరంతా నాకు తెలుసన్న పొగరు.

మొదటిసారి నీళ్లు సగం చేసి ప్రోగ్రాం నడిపితే ఒక్క చుక్కా ఎర్రబడలేదు. మావాళ్లు ఇంత బుద్ధిమంతులా అని నవ్వొచ్చింది. తర్వాత తప్పు తెలిసింది. నీళ్లు వాటంతటవే వంతు ప్రకారం పారుతున్నట్టు రాశాం. మా ఊళ్లో ఏ మడికి ఎంతసేపు వదలాలో చెప్పేది నీరుగంటి. సెంటు భూమి లేదు గనక రైతుల సర్వేలో అతను లేడు. ఆ కాగితాలు నింపింది నేనే. ఆ నీరుగంటి మా నాయన.

సిగ్గుపడుతూ ఆయనకూ ఒక చుక్క పెట్టి, మళ్లీ అదే సగం నీళ్లతో నడిపాను. మూడో వారానికి కాలువ చివరి పొలాల చుక్కలు ఎర్రబడి, తూము దగ్గర ఆయన చుట్టూ మూగాయి. ఎన్నిసార్లు నడిపినా అంతే. ఆయన్ని తీసేసి, నీళ్లు ఎవరికి వాళ్లే మళ్లించుకునేట్టు రాసి చూశాను. వారం తిరక్కుండానే ఊరంతా ఎరుపెక్కింది.

మర్నాడే ఆళ్లగడ్డ బస్సెక్కాను. దారి పొడవునా భయమే. ఇంటికి చేరేసరికి నాయన పార భుజాన వేసుకుని బయల్దేరుతున్నాడు. ఆపి, చూసిందంతా చెప్పాను. ఈ ఏడాదికి తూము దగ్గరికి పోవద్దని బతిమాలాను. ఆయన నవ్వలేదు, కసురుకోలేదు. అంతా విని ఒకటే అడిగాడు.

"నేను పోకుంటే ఏమైతాదంట?"

ఏమీ కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. అబద్ధమాడడానికి నోరు రాలేదు. ఊరంతా కొట్టుకుంటుందని నిజమే చెప్పాను.

"మళ్ల నన్నెందుకు పోవద్దంటాండావ్?" అని కదిలాడు.

ఆయన్ని ఆపడానికి వచ్చి, నా నోటితోనే పంపించాను. ఉండలేక వెనకే నడిచాను. తూము దగ్గర అప్పటికే నలుగురు నిలబడి ఉన్నారు. నలుగురూ చివరి పొలాలవాళ్లే.